దేశము లేనివారికి కాగితమిచ్చిన నాన్సెన్

ఈ శతాబ్ది సంచికలో మన బిషప్పులను గూర్చి, తొలి పాదిరులను గూర్చి, బడులు ఆసుపత్రులు కట్టినవారిని గూర్చి వ్రాయగల పెద్దలు చాలామంది ఉన్నారు. ఆ పని వారికే విడిచి, మంచు దేశమైన నార్వేలో పుట్టిన ఒక మనిషి జీవితమును మేము సంఘ సభ్యుల ముందు పెట్టదలచాము. ఆయన పేరు ఫ్రిట్యోఫ్ నాన్సెన్. ఆయన మిషనరీ కారు. మత విశ్వాసము విషయములో సందేహవాది అని కూడ ముందే చెప్పివేయుట న్యాయము. అయినను దేశాలన్నీ కలిసి పనిచేయాలి అనే మాట వేదికల మీద విని విని విసిగినవారికి, ఆ మాట ఓడలుగా, రైళ్ళుగా, ధాన్యపు బస్తాలుగా, చివరకు ఒక చిన్న కాగితముగా ఎట్లు మారినదో చూపుటకు ఈయన జీవితము కంటె తగినది మాకు కనబడలేదు.

నాన్సెన్ 1861 అక్టోబరు 10వ తేదీన, నేడు ఓస్లో అని పిలువబడే క్రిస్టియానియా నగరము దగ్గర జన్మించారు. తండ్రి న్యాయవాది. చిన్నతనము నుండి అడవులలో తిరుగుట, కాళ్ళకు పొడుగాటి చెక్కలు కట్టుకొని మంచు మీద జారుట ఆయనకు ప్రాణము. విశ్వవిద్యాలయములో జంతుశాస్త్రము చదివి, బెర్గెన్ మ్యూజియములో ఉద్యోగము చేస్తూ నరాల నిర్మాణము మీద పరిశోధించి, 1888లో డాక్టరు పట్టము పొందారు.

అదే సంవత్సరము ఆయన గ్రీన్‌లాండు మంచు పీఠభూమిని అడ్డముగా దాటారు. అంతకు మునుపు ప్రయత్నించినవారు జనము ఉండే పడమటి తీరము నుండి బయలుదేరి, కష్టము తోచగానే వెనుకకు వచ్చేవారు. నాన్సెన్ దీనిని తలక్రిందులు చేశారు. మనుషులు దాదాపు లేని తూర్పు తీరమున దిగి పడమటికి నడిచారు. వెనుకకు తిరిగితే తిండి లేదు, ముందుకు పోతేనే ఇండ్లున్నవి. ఆరుగురు మనుషులు; వారిలో ఇద్దరు ఉత్తరాది సామీ జాతివారు. పడమటి తీరము చేరేసరికి ఆఖరి ఓడ వెళ్ళిపోయినది. ఆ చలికాలమంతా అక్కడి ఎస్కిమోల మధ్య ఉండి, వారి తోలు పడవ నడపటము, వారి వేట, వారి బ్రతుకు నేర్చుకున్నారు. తరువాత వారిని గూర్చి గౌరవముతో ఒక పుస్తకము వ్రాశారు. ఆ రోజులలో అట్టి జనుల దగ్గర తెల్లవారు నేర్చుకొనవలసినది ఉన్నదని తలచినవారు తక్కువ.

ఇంకొక ప్రయాణము ఇంతకంటె ప్రసిద్ధము. సైబీరియాకు ఉత్తరమున మంచులో నలిగిపోయిన జానెట్ అనే ఓడ ముక్కలు కొన్ని సంవత్సరములకు గ్రీన్‌లాండు ఒడ్డున తేలినవి. అంటే మంచు తానే కదలుచున్నది అని నాన్సెన్ గ్రహించారు. మంచు నొక్కినప్పుడు పగిలిపోక పైకి లేచేటట్లు గుండ్రని అడుగుగల ఓడను కట్టించి, దానికి ఫ్రామ్ అని పేరు పెట్టి, 1893లో పన్నెండుగురు మనుషులతో బయలుదేరి, కావాలనే దానిని మంచులో ఇరికించారు. ఓడ ధ్రువము మీదుగా పోదని తోచినప్పుడు, 1895 మార్చిలో యోహాన్సెన్ అను సహచరునితో కుక్కల బండ్ల మీద బయలుదేరి 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశము వరకు వెళ్ళారు. అంతవరకు ఏ మనిషీ అంత ఉత్తరమునకు పోలేదు. తిరుగు దారిలో ఫ్రాంజ్ జోసెఫ్ లాండు అనే దీవులలో రాళ్ళతో గుడిసె కట్టుకొని, ఎలుగు మాంసము తింటూ చలికాలము గడిపారు. 1896 జూనులో జాక్సన్ అనే ఆంగ్లేయుడు వారికి ఎదురుపడుట గొప్ప సంగతే. అంతకంటె వింత, ఆగస్టు 13న నాన్సెన్ నార్వే నేల మీద అడుగుపెట్టిన దినముననే ఫ్రామ్ ఓడ కూడ మంచు వీడి బయటపడినది. పదమూడు మందిలో ఒక్కరును చనిపోలేదు.

ఇక్కడితో ఆయన జీవితము ముగిసినా చరిత్రలో పేరు నిలిచేది. మేము చెప్పదలచినది మాత్రము ఆయనకు ఏబది ఎనిమిదేండ్లు వచ్చిన తరువాతి కథ.

నడుమ సంగతులు క్లుప్తముగా చెప్పెదము. 1905లో నార్వే స్వీడను నుండి విడిపోయినప్పుడు యుద్ధము లేకుండ విడిపోవుటకు ఆయన పాటుబడ్డారు. 1906 నుండి 1908 వరకు లండనులో నార్వే రాయబారిగా ఉన్నారు. 1907 డిసెంబరులో భార్య ఈవా మరణించారు. తరువాత సముద్రశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధములో నార్వే ఎవరి పక్షమూ చేరలేదు గాని, ఓడలు రాక తిండిగింజలకు కటకటలాడినది. 1917లో ప్రభుత్వము ఆయనను వాషింగ్టనుకు పంపినది. నెలల తరబడి బేరము సాగినది. స్వదేశములోని మంత్రులు ఎటూ తేల్చలేకపోగా, 1918 ఏప్రిలులో ఆయన తన బాధ్యత మీద ఒప్పందమునకు సంతకము చేశారు.

యుద్ధము 1918 నవంబరులో ఆగినది. ఖైదీలకు మాత్రము ఆగలేదు. రష్యా సేనలకు పట్టుబడిన జర్మనులు, ఆస్ట్రియనులు, హంగేరీవారు మొదలైన లక్షలాది సైనికులు సైబీరియా వరకు చెదరియున్న శిబిరాలలో మిగిలిపోయారు. 1914లో పట్టుబడినవారు కూడ వారిలో ఉన్నారు. రష్యాలో అంతర్యుద్ధము, రైలు మార్గాలు తెగిపోయినవి. కొందరికైతే తిరిగి పోవుటకు తమ దేశమే మిగలలేదు, ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యము ముక్కలైపోయినది. అటు జర్మనీలో లక్షలకొద్ది రష్యను ఖైదీలు ఉన్నారు. ఇంటికి వ్రాసిన ఉత్తరము చేరినదో లేదో తెలియక ఐదారు సంవత్సరాలు గడిపినవారి స్థితి మనము ఊహించుకొనవలసినదే.

అప్పుడే పుట్టిన నానాజాతి సమితి 1920 ఏప్రిలులో ఈ పని నాన్సెన్‌కు అప్పగించినది. చేతిలో డబ్బు లేదు, ఓడలు లేవు, సిబ్బంది నామమాత్రము. పైగా సోవియట్ ప్రభుత్వము నానాజాతి సమితిని తాను గుర్తించనన్నది. సమితిలోని పెద్ద దేశాలు సోవియట్ ప్రభుత్వమును గుర్తించలేదు. ఒకరి మొగము ఒకరు చూడని ఈ రెండు పక్షాల మధ్య నాన్సెన్ నిలిచారు. మాస్కోలో విదేశాంగ మంత్రి చిచేరిన్ మొదలైనవారితో మాట్లాడగా, సమితితో కాకుండ నాన్సెన్ అనే మనిషితో వ్యవహరించుటకు వారు ఒప్పుకొన్నారు. ఆయన మాట మీద రష్యను రైళ్ళు ఖైదీలను సరిహద్దుకు తెచ్చుటకు మొదలుపెట్టినవి.

తరువాత జరిగినదే మాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము. జర్మనీ రేవైన స్టెటిన్‌లో రష్యను ఖైదీలను ఎక్కించుకొన్న ఓడ బాల్టిక్ సముద్రము దాటి ఎస్తోనియాలోని నార్వా చేరును. వారు దిగి తూర్పునకు పోవుదురు. రైళ్ళలో వచ్చిన జర్మనులు, ఆస్ట్రియనులు నార్వాలోని పాత కోటలో స్నానము చేసి, బట్టలలోని పేలు వదిలించుకొని, అదే ఓడ ఎక్కి పడమటికి పోవుదురు. పోవు ఓడ ఖాళీగా పోదు, వచ్చు ఓడ ఖాళీగా రాదు. ఇరుపక్షాలకు తమ బిడ్డలు కావాలి గనుక ఒక పక్షము ఆపితే రెండవ పక్షము ఆపును. ఈ కట్టుబాటే ఒప్పంద పత్రాల కంటె గట్టిగా పనిచేసినది. ఓడలకు ప్రభుత్వాల వద్ద అప్పు తెచ్చారు. శిబిరాలను అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ప్రతినిధులు చూచుకొన్నారు. దూర తూర్పున వ్లాడివోస్టాక్ నుండి, దక్షిణమున నల్లసముద్రము నుండి కూడ ఓడలు నడిచినవి. 1922లో నాన్సెన్ లెక్క అప్పజెప్పినప్పుడు ఇండ్లకు చేరినవారి సంఖ్య 4,27,886. మేము ఈ అంకెను గుండ్రము చేయకుండ వ్రాసినాము. ఆ చివరి ఆరుగురికి కూడ ఇండ్లున్నవి గదా.

ఈ పని సగములో ఉండగానే వోల్గా నదీతీరమున కరువు వచ్చినది. యుద్ధము, అంతర్యుద్ధము, రైతుల గింజలను ప్రభుత్వము బలవంతముగా తీసుకొనుట, వీటి మీద 1921లో వాన లేకపోవుట. రచయిత మాక్సిమ్ గోర్కీ ప్రపంచమును సహాయము అడిగారు. ఆగస్టులో రెడ్‌క్రాస్ మొదలైన సంస్థలు జెనీవాలో కూడి నాన్సెన్‌ను సహాయ కార్యమునకు అధిపతిగా నియమించినవి. ఆయన మాస్కో వెళ్ళి ఒప్పందము చేసుకొని, సెప్టెంబరులో నానాజాతి సమితి సభలో నిలబడి ఏబది లక్షల పౌనులు అప్పుగా ఇవ్వమని ప్రభుత్వాలను అడిగారు. కెనడాలో గోధుమ మిగిలియున్నది. అర్జెంటీనాలో మొక్కజొన్న కొనువారు లేక రైలు ఇంజనులలో కాల్చుచున్నారు. రేవులలో ఓడలు పనిలేక కట్టివేయబడియున్నవి. వోల్గా తీరమున జనము గడ్డి, బెరడు తినుచున్నారు. వీటిని ఒకచోటికి చేర్చుటకు డబ్బు మాత్రమే కావలెను.

ప్రభుత్వాలు ఇవ్వలేదు. అన్నము పెట్టితే బోల్షెవిక్కుల ప్రభుత్వము బలపడునని వాదించినవారున్నారు. ఆయన చెప్పిన లెక్కలు అబద్ధమని ఎవరూ అనలేకపోయారు. చేతులు మాత్రము ముడుచుకొన్నారు.

ఇది చదువునప్పుడు మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్న 1876-78 నాటి కరువు మాకు జ్ఞాపకము రాక మానలేదు. అప్పుడు కూడ ఒకవైపు మన జనము దారుల వెంట పడి చచ్చుచుండగా, మరొకవైపు మన దేశపు ధాన్యము ఓడలకెక్కి పోవుచునే ఉన్నది. ఒంగోలులోని క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగము తవ్వకమును కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించిన సంగతి ఆ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలలో తరతరాలుగా చెప్పుకొనునదే. గింజలు లేక వచ్చు కరువు కంటె, గింజలున్నచోటికీ ఆకలి ఉన్నచోటికీ మధ్య దారి లేక వచ్చు కరువే ఎక్కువ అని మాకు తోచును.

నాన్సెన్ ప్రభుత్వాలను వదలి ప్రజల వద్దకు వెళ్ళారు. చలికాలములో వోల్గా ప్రాంతమంతా తిరిగి ఛాయాచిత్రాలు తీసి, ఐరోపా నగరాలలో తెర మీద చూపి ఉపన్యాసాలిచ్చారు. బిడ్డల రక్షణ నిధివారు సారటోవ్ ప్రాంతములో పిల్లలకు వంటశాలలు పెట్టారు. క్వేకర్లు బుజులుక్ ప్రాంతమును తీసుకొన్నారు. అన్నిటికంటె పెద్ద పని హెర్బర్టు హూవర్ నడిపిన అమెరికా సహాయ సంస్థ చేసినది. 1922 వేసవిలో వారు దినమునకు కోటి మందికి పైగా తిండి పెట్టారు. నాన్సెన్ సంస్థ పెట్టినది దానిలో కొద్ది భాగమే. ఇంత జరిగినను ఆ కరువులో దాదాపు ఏబది లక్షలమంది చనిపోయారని అంచనా. సెప్టెంబరులోనే ఆ అప్పు ఇచ్చియుంటే ఎందరు బ్రతికేవారో లెక్క తేల్చగలవారు లేరు.

ఈ కరువు పనిలో యుక్రెయినులో నాన్సెన్‌కు చేదోడుగా ఒక నార్వే సైనికాధికారి చాల సమర్థతతో పనిచేశాడు. అతని పేరు క్విస్లింగ్. 1940లో హిట్లరు సేనలకు తన దేశమును అప్పగించి, 1945లో మరణశిక్ష పొందిన క్విస్లింగ్ ఇతడే. మనుషుల సంగతి మనము ముందుగా తీర్పు తీర్చలేము.

ఇక కాగితము సంగతికి వచ్చెదము. విప్లవము తరువాత పది లక్షలకు మించి రష్యనులు దేశము విడిచిపోయారు. 1920 నవంబరులో ఓడిపోయిన శ్వేత సేనలు కుటుంబాలతో ఓడలెక్కి కాన్‌స్టాంటినోపుల్‌కు వచ్చి పడినవి. 1921 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వము ఇట్టివారిలో చాలామందికి పౌరసత్వము లేదని శాసనము చేసినది. దానితో వారు ఏ దేశమునకు చెందనివారైరి.

1942లో జపాను సేనలు బర్మాలోనికి రాగా రంగము నుండి కొండలు, అడవులు దాటి నడచి వచ్చిన తెలుగువారి కథలు మన కోస్తా జిల్లాలలో ఎన్నో ఇండ్లలో విన్నవే. 1960ల నాటికి మరల బర్మా నుండి జనము వచ్చారు; విశాఖపట్నములో బర్మా క్యాంపు అను పేరు నేటికీ ఉన్నది. వారి కష్టము చిన్నది కాదు. కాని వారికి తిరిగి వచ్చుటకు ఒక దేశమైనా ఉన్నది. ఆ రష్యనులకు అదియును లేదు. పాస్‌పోర్టు లేనిదే సరిహద్దు దాటనివ్వరు, సరిహద్దు దాటనిదే పని దొరకదు, పని లేనిదే పోలీసులు ఉండనివ్వరు. పొమ్మనువారేగాని రమ్మనువారు లేరు.

1921లో ఈ కాందిశీకుల కొరకు హైకమిషనరుగా నియమింపబడిన నాన్సెన్, 1922 జూలైలో జెనీవాలో ప్రభుత్వాల సమావేశము జరిపించి, వారికి ఒక గుర్తింపు పత్రము ఇచ్చుటకు ఒప్పించారు. ఉన్న దేశపు ప్రభుత్వమే దానిని ఇచ్చును. ఇతర దేశాలు దానిని గౌరవించును. జనము దానిని నాన్సెన్ పాస్‌పోర్టు అన్నారు. దానిలోని లోపాలు కూడ చెప్పవలెను. అది పౌరసత్వము ఇవ్వలేదు. బయటికి పోయినవాడు ఇచ్చిన దేశమునకు తిరిగి వచ్చు హక్కు మొదట దానిలో లేదు. 1926 ఒప్పందముతో ఆ లోటు కొంత తీరినది. అప్పుడే దాని మీద నాన్సెన్ ముఖచిత్రముగల ఐదు బంగారు ఫ్రాంకుల బిళ్ళ అంటించు పద్ధతి వచ్చినది. స్తోమతగల కాందిశీకుడు చెల్లించిన ఆ రుసుము, ఏమీ లేని కాందిశీకుని కొరకు వెళ్ళేది. క్రమముగా ఏబదికి పైగా ప్రభుత్వాలు ఈ పత్రమును అంగీకరించినవి. ఆర్మీనియనులకు, అస్సీరియనులకు కూడ దానిని విస్తరించారు. నర్తకి అన్నా పావ్లోవా, సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్ దానితోనే తిరిగారు. పేరు తెలిసినవారు వీరు. ఫ్రాన్సు కర్మాగారాలలో కూలికి కుదిరినవారు, టాక్సీలు తోలుకొన్నవారు వేలకు వేలు. 1922లో నాన్సెన్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చినది. ఆ సొమ్మును ఆయన సహాయ కార్యాలకే వెచ్చించారు.

ఒక సంగతి మాత్రము మెచ్చుకొనుటకు మాకు మనసు ఒప్పలేదు. 1922లో గ్రీకు సేన టర్కీలో ఓడిపోగా, స్మిర్నా నగరము తగులబడగా, పది లక్షలమంది క్రైస్తవులు గ్రీసుకు పారిపోయి వచ్చారు. వారికి చోటు ఎట్లు? గ్రీసులోని ముస్లిములను టర్కీకి పంపి, టర్కీలో మిగిలిన క్రైస్తవులను గ్రీసుకు తెచ్చే జనమార్పిడికి నాన్సెన్ మద్దతునిచ్చి ప్రతిపాదించారు. 1923 జనవరి 30న లోజాన్‌లో అట్లే ఒప్పందమైనది, అదీ నిర్బంధముగా. కొలబద్ద మతమే. గ్రీకు భాష ఒక్క ముక్క రాని క్రైస్తవులు గ్రీసుకు, టర్కీ భాష రాని క్రీటు ముస్లిములు టర్కీకి పోవలసివచ్చినది. అప్పటికే పారిపోయి వచ్చినవారు తిరిగి పోలేరనీ, మార్పిడి లేకుంటే మిగిలినవారు హతమగుదురనీ ఆయన భయపడ్డారు. ఆ భయము నిరాధారము కాదు. తరువాత సమితి పూచీతో గ్రీసుకు ఋణము వచ్చి, ఇండ్లు, పొలాలు ఏర్పడి లక్షలమంది నిలద్రొక్కుకొన్నారు. అయినను 1947లో మన దేశము చూచినది చూచిన తరువాత, మతమును బట్టి మనుషులను అటూ ఇటూ పంపివేయుటను పరిష్కారమని పిలుచుటకు మాకు నోరు రాదు. మంచివారు చేసిన ఏర్పాటు గనుక అది మంచిదే అని వ్రాయలేము.

ఆయన గొప్ప ఓటమి ఆర్మీనియా. మారణకాండ తప్పించుకొని సిరియా, లెబనాను, గ్రీసులలో చెదరిపోయిన ఆర్మీనియనులను సోవియట్ ఆర్మీనియాలో స్థిరపరచవలెనని ఆయన పట్టుదల. 1925లో స్వయముగా అక్కడికి వెళ్ళి, ఏ బీడు భూమికి ఏ నీరు మళ్ళించవచ్చునో నిపుణులతో చూపించి, పథకము తయారుచేశారు. యుద్ధకాలములో ఆర్మీనియనులకు వాగ్దానాలు చేసిన పెద్ద దేశాలు ఋణము మాట వచ్చేసరికి తప్పించుకొన్నవి. ఏటేటా సమితి సభలో లేచి అడిగారు. చివరకు 1929లో ఆ పథకమును విడువవలసివచ్చినది. కొన్ని వేలమంది మాత్రము ఇతర నిధులతో వెళ్ళగలిగారు. గ్రీన్‌లాండులో వెనుకకు తిరుగు దారి లేకుండ చేసుకొని గెలిచిన మనిషికి ప్రభుత్వాల విషయములో ఆ ఉపాయము చెల్లలేదు. వాటికి ఎప్పుడూ వెనుకదారి ఉండును.

నాన్సెన్ 1930 మే 13న, ఓస్లో దగ్గర లైసాకర్‌లోని తన ఇంటి వసారాలో మరణించారు. మే 17న, నార్వేవారు తమ రాజ్యాంగ దినముగా జరుపుకొను పండుగ నాడు, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగినవి. ఆయన పేరున నానాజాతి సమితి పెట్టిన కాందిశీకుల కార్యాలయమునకు 1938లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినది. ఆ సంవత్సరాంతముననే ఆ కార్యాలయము మూతబడినది, మరుసటి ఏడు మరల యుద్ధము. 1951లో ఐక్యరాజ్య సమితి కాందిశీకుల ఒప్పందము కుదిరినప్పుడు, సంతకము చేసిన దేశాలు కాందిశీకులకు ప్రయాణ పత్రము ఇవ్వవలెనని దానిలో వ్రాశారు. నేడు ఆ పత్రము చేతబట్టుకొని విమానాశ్రయపు వరుసలో నిలబడువారు దానిని నాన్సెన్ పేరుతో పిలువరు. పోల్‌హోగ్డా అనే ఆయన ఇంటిలో ఇప్పుడు ఒక పరిశోధన సంస్థ ఉన్నది. ఆయన చితాభస్మము ఆ తోటలోని చెట్టు క్రింద ఉన్నది.